57 శాతంతో గెలిచి... 57 శాతంతో ఓడి!

ఎన్నికల పద్ధతిని మార్చే పనిని నాయకుల చేతుల్లోంచి తీసి, లాటరీలో పేరొచ్చిన మామూలు జనానికి అప్పగిస్తే ఏమవుతుంది? కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం నిజంగానే ఆ పని చేసింది. ఆ ప్రయోగం గెలిచిందా, ఓడిందా అంటే... రెండూ నిజమే!

వంద మంది ఓటర్లలో 39 మంది ఒక పార్టీకి ఓటేశారు. 175 సీట్లున్న సభలో ఆ పార్టీకి ఎన్ని సీట్లు రావాలి? బడికెళ్లే పిల్లాడినడిగినా కాసేపు గుణించి ‘ఓ 68’ అంటాడు. మన ఓటింగ్ యంత్రం మాత్రం అలా అనదు. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39 శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి. వచ్చిన సీట్లు 23. ఐదేళ్లు గిర్రున తిరిగాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి కూడా సరిగ్గా అలాగే 39 శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి. వచ్చిన సీట్లు 11! పార్టీలు వేరు, జెండాలు వేరు, అభిమానులు వేరు. దెబ్బ మాత్రం ఒకటే.

ఎవరు ఓడినా వాళ్ల అభిమానులు నాలుగు రోజులు తలలు పట్టుకుంటారు. గెలిచినవాళ్లు సంబరాలు చేసుకుంటారు. ఆ తర్వాత అందరూ మర్చిపోతారు. కానీ ప్రపంచానికి ఆ చివర ఓ రాష్ట్రంలో మాత్రం మర్చిపోలేదు. అదీ ఓడినవాళ్లు కాదు, ఘనంగా గెలిచినవాళ్లు! అందుకే ఆ కథ చెప్పుకోవాలి.

రెండు ఎన్నికలు... రెండు వింతలు

బ్రిటిష్ కొలంబియా కెనడాకు పడమటి కొస. ఒకపక్క పసిఫిక్ మహాసముద్రం, ఇంకోపక్క రాకీ పర్వతాలు. విస్తీర్ణంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు మూడింతలు పైనే ఉంటుంది. జనం మాత్రం ఇరవయ్యేళ్ల కిందట నలభై లక్షల చిల్లర. పెద్ద నగరం వాంకూవర్. రాజధాని విక్టోరియా. అక్కడా శాసనసభ ఉంది, సభ్యుల్ని అక్కడా ఎమ్మెల్యేలనే అంటారు. ముఖ్యమంత్రిని మాత్రం ప్రీమియర్ అంటారు. నియోజకవర్గానికో ఎమ్మెల్యే. మిగతా అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాళ్లే విజేత. మన పద్ధతే! కాకపోతే మనది వాళ్లదీ కాదు, వాళ్లది మనదీ కాదు. ఇద్దరికీ బ్రిటన్ నుంచి వచ్చిన ఆస్తి అది.

1996లో అక్కడ జరిగిన ఎన్నికల్లో మొదటి వింత. గోర్డన్ క్యాంప్‌బెల్ నాయకత్వంలోని లిబరల్ పార్టీకి 41.8 శాతం ఓట్లు వచ్చాయి. గ్లెన్ క్లార్క్ సారథ్యంలోని న్యూ డెమొక్రటిక్ పార్టీకి, అంటే ఎన్‌డీపీకి, 39.5 శాతం. ఎవరు గెలిచినట్టు? ఎన్‌డీపీ! 75 సీట్ల సభలో ఎన్‌డీపీకి 39 దక్కితే, లిబరల్స్‌కి 33 దక్కాయి. రాష్ట్రం మొత్తమ్మీద ఎక్కువ మంది ఓటేసిన పార్టీ వెళ్లి ప్రతిపక్షంలో కూర్చుంది. కొన్నిచోట్ల వేలకు వేల మెజారిటీతో గెలిచి, చాలాచోట్ల కొద్దిలో ఓడితే అంతే మరి. అవసరానికి మించి వచ్చిన మెజారిటీ గంగలో పోసిన పన్నీరు.

2001లో రెండో వింత. ఈసారి జనం ఎన్‌డీపీ మీద బాగా కోపంగా ఉన్నారు. లిబరల్స్‌కి 57.6 శాతం ఓట్లు వచ్చాయి. మంచి మెజారిటీయే, కాదనలేం. సీట్లు మాత్రం 79లో 77! ఎన్‌డీపీకి 21.6 శాతం ఓట్లొస్తే దక్కినవి రెండే రెండు సీట్లు. 12.4 శాతం తెచ్చుకున్న గ్రీన్ పార్టీకి గుండు సున్నా. ఓటేసినవాళ్లలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరు గ్రీన్‌ పార్టీ వైపున్నారు. వాళ్ల తరఫున సభలో నోరెత్తడానికి ఒక్కరూ లేరు.

అప్పట్లో అక్కడి సభలో పార్టీగా గుర్తింపు దక్కాలంటే కనీసం నలుగురు సభ్యులుండాల్సి వచ్చేది. ఎన్‌డీపీకి ఉన్నది ఇద్దరే కాబట్టి అధికార ప్రతిపక్షం హోదా కూడా ఇవ్వలేదు. 77 మంది మాట్లాడే సభలో ప్రశ్నించడానికి ఇద్దరు. అది సభా? సొంత పార్టీ సమావేశమా? గెలిచిన పార్టీలోనే కొందరికి ఈ అనుమానం వచ్చింది.

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి?

పద్ధతి బాగాలేదని అందరికీ తెలుసు. మార్చాల్సిందెవరు? శాసనసభ. అందులో కూర్చున్నదెవరు? ఆ పద్ధతిలో గెలిచినవాళ్లు! తను ఎక్కి వచ్చిన నిచ్చెనను తనే విరగ్గొట్టుకునేదెవరు? ఎవరూ విరగ్గొట్టుకోరు. ఒకవేళ మారుస్తామని ముందుకొచ్చారంటే, అందులో తమకేదో లాభం చూసుకునే ఉంటారు.

బ్రిటిష్ కొలంబియా వాళ్లకు ఇది కొత్త కాదు. 1950ల మొదట్లో అక్కడ లిబరల్స్, కన్జర్వేటివ్‌లు కలిసి ప్రభుత్వం నడిపారు. ఎదుగుతున్న వామపక్ష పార్టీ సీసీఎఫ్‌ని చూస్తే ఇద్దరికీ భయం. కూటమి చీలిపోతున్న సమయంలో ఓ ఉపాయం ఆలోచించారు. ఓటరు ఒకరికే ఓటేయకుండా 1, 2, 3 అంటూ ప్రాధాన్యాలిచ్చే పద్ధతి తెచ్చారు. లిబరల్ ఓటరు రెండో ఓటు కన్జర్వేటివ్‌కి, కన్జర్వేటివ్ ఓటరు రెండో ఓటు లిబరల్‌కి వేస్తారు, విడిపోయినా ఇద్దరం కలిసి సీసీఎఫ్‌ని ఆపేయొచ్చు అన్నది లెక్క.

1952లో ఓట్లు లెక్కపెట్టారు. అంతకుముందు ఎన్నికల్లో ఒక్క సీటూ గెలవని సోషల్ క్రెడిట్ అనే పార్టీకి 48 సీట్లలో 19 వచ్చాయి. సీసీఎఫ్‌కి 18. ఉపాయం పన్నిన లిబరల్స్‌కి 6, కన్జర్వేటివ్‌లకి 4! జనం తమ రెండో ఓటు ఎవరికి వేయాలో తామే నిర్ణయించుకున్నారు. సోషల్ క్రెడిట్ నాయకుడు డబ్ల్యూ.ఏ.సి. బెనెట్ ప్రీమియర్ అయ్యారు. 1953లో మళ్లీ ఎన్నికలకెళ్లి పూర్తి మెజారిటీ తెచ్చుకున్నారు. వెంటనే ఏం చేశారో ఊహించండి... తనను గద్దెనెక్కించిన ప్రాధాన్య ఓటును రద్దు చేసి పాత పద్ధతికే వెళ్లిపోయారు. 1972 దాకా ఆ గద్దె దిగలేదు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఇదే.

అంటే, అర్ధ శతాబ్దం కిందటే ఆ రాష్ట్రానికి ఓ సంగతి తెలిసొచ్చింది. ఎన్నికల పద్ధతిని నాయకులే మారిస్తే, ఆ మార్పు నాయకుల కోసమే అవుతుంది.

అయితే 1996లో ఎక్కువ ఓట్లొచ్చీ ఓడిపోయిన క్యాంప్‌బెల్‌కి ఆ దెబ్బ గుర్తుంది. ఎన్నికల పద్ధతిని ప్రజలతోనే పరిశీలింపజేస్తానని 2001 ఎన్నికల్లో మాటిచ్చారు. 77 సీట్లొచ్చాక ఆ మాటను ఎవరైనా మర్చిపోతారు. ఆయన మర్చిపోలేదు. అక్కడి రాజకీయాల్లో తలపండిన గోర్డన్ గిబ్సన్‌కి ‘ఎలా చేయాలో చెప్పండి’ అని బాధ్యత అప్పగించారు. గిబ్సన్ ఇచ్చిన సలహా ఆధారంగా పుట్టిందే పౌరసభ... సిటిజన్స్ అసెంబ్లీ.

160 మంది మామూలు మనుషులు

2003లో ఎన్నికల సంఘం ఓటర్ల జాబితా ముందు పెట్టుకుంది. ఒక్కో నియోజకవర్గంలో 200 మంది చొప్పున పేర్లు తీసింది. మొదట 15,800 మందికి ఉత్తరాలు వెళ్లాయి. ‘రాష్ట్రానికి ఏ ఓటింగ్ పద్ధతి మంచిదో తేల్చే పనికి వస్తారా?’ అన్నది అందులోని సారాంశం. ఆసక్తి చూపినవాళ్లను సమావేశాలకు పిలిచారు. పని ఎంతుంటుందో వివరించారు. ‘సరే’ అన్నవాళ్ల పేర్లతో చీటీలు తీశారు. 79 నియోజకవర్గాల నుంచి ఒక మహిళ, ఒక పురుషుడు చొప్పున 158 మంది. వాళ్లలో ఆదివాసీలు ఎవరూ లేరని తేలడంతో మరో ఇద్దరిని చేర్చారు. మొత్తం 160. విశ్వవిద్యాలయ మాజీ అధ్యక్షుడు జాక్ బ్లేనీ సభకు ఛైర్మన్. పదవుల్లో ఉన్న రాజకీయ నాయకులకు ప్రవేశం లేదు.

అక్కడికి వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు ఓటింగ్ పద్ధతుల గురించి ప్రత్యేకంగా ఏమీ తెలియదు. కుర్రాళ్లున్నారు, పింఛను తీసుకునే పెద్దలున్నారు. నగరంలో ఉండేవాళ్లున్నారు, విమానమెక్కితే తప్ప వాంకూవర్ రాలేనంత దూరంలో ఉండేవాళ్లున్నారు. సమావేశమైన రోజుకు 150 డాలర్లిచ్చారు. రాకపోకల ఖర్చు ప్రభుత్వమే భరించింది.

2004 జనవరి నుంచి మార్చి దాకా శని, ఆదివారాల్లో చదువు! బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కెన్ కార్టీ బృందం పాఠాలు చెప్పింది. జర్మనీలో ఓట్లెలా వేస్తారు, న్యూజిలాండ్ 1990లలో పద్ధతి ఎందుకు మార్చుకుంది, ఐర్లాండ్‌లో 1920ల నుంచీ ప్రాధాన్య ఓటు ఎలా నడుస్తోంది... అన్నీ నేర్చుకున్నారు. పాఠం విన్నాక చిన్న చిన్న బృందాలుగా కూర్చుని చర్చించుకున్నారు. మే, జూన్ నెలల్లో రాష్ట్రమంతా తిరిగి 50 బహిరంగ సభలు పెట్టి జనం మాట విన్నారు. 1,600కు పైగా రాతపూర్వక సూచనలు వచ్చాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మళ్లీ కూర్చుని తేల్చే పనిలో పడ్డారు.

చివరికి రెండు పద్ధతులు మిగిలాయి. ఒకటి, జర్మనీ తరహా మిశ్రమ పద్ధతి. అందులో కొందరు నియోజకవర్గాల నుంచి గెలుస్తారు, మిగతా సీట్లు పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి జాబితాల్లోంచి భర్తీ అవుతాయి. రెండోది ఐర్లాండ్ తరహా ‘బదిలీ ఓటు’... ఇంగ్లిష్‌లో సింగిల్ ట్రాన్స్‌ఫరబుల్ ఓట్, పొట్టిగా ఎస్‌టీవీ. ఓటింగ్ పెడితే ఎస్‌టీవీకి 123 మంది, మిశ్రమ పద్ధతికి 31 మంది చేతులెత్తారు. ‘ఎస్‌టీవీని ప్రజల ముందు పెట్టాలా?’ అన్న తుది ప్రశ్నకు 146 మంది అవునన్నారు. ఏడుగురే కాదన్నారు. పార్టీల జాబితాల్లో ఎవరుండాలో నాయకులు నిర్ణయించడం వాళ్లకు నచ్చలేదు. ఎమ్మెల్యేని ఎంచుకునే పని ఓటరు చేతిలోనే ఉండాలనుకున్నారు.

బదిలీ ఓటు లెక్క ఇదీ!

ఎస్‌టీవీ అంటే బ్రహ్మవిద్యేం కాదు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు సగం తెలిసినట్టే. అక్కడా అభ్యర్థుల పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేస్తాం. రాజ్యసభ సభ్యుల్ని ఎన్నుకునేటప్పుడు మన ఎమ్మెల్యేలు వేసేదీ బదిలీ ఓటే.

బ్రిటిష్ కొలంబియా పౌరసభ చెప్పింది ఇదీ. చిన్న చిన్న నియోజకవర్గాలను కలిపి పెద్దవి చేయాలి. ఒక్కోదాని నుంచి ఇద్దరి నుంచి ఏడుగురి దాకా ఎమ్మెల్యేలు ఎన్నికవుతారు. ఉదాహరణకు నాలుగు సీట్లున్న చోట లక్ష ఓట్లు పోలయ్యాయనుకుందాం. సీట్లకు ఒకటి కలిపితే 5. లక్షను 5తో భాగిస్తే 20 వేలు. దానికి ఒకటి కలిపితే 20,001. అదే కోటా. అన్ని ఓట్లొచ్చినవాళ్లు గెలిచినట్టే. నలుగురికి మించి ఎవరూ అన్ని ఓట్లు తెచ్చుకోలేరు.

ఒకాయనకు 30 వేలొచ్చాయనుకోండి. కోటాకు మించినవి సుమారు పది వేలు. అవి వృథా కావు. ఆయన ఓటర్లు రెండో ప్రాధాన్యం ఎవరికిచ్చారో చూసి, అదే దామాషాలో పంచుతారు. నూటికి అరవై మంది ఫలానా ఆవిడకు ఇచ్చి ఉంటే ఆవిడ ఖాతాలో ఆరు వేలు పడతాయి. ఎవరూ కోటా చేరకపోతే అందరికన్నా తక్కువ ఓట్లొచ్చిన అభ్యర్థిని పక్కన పెట్టి, ఆ ఓట్లను తర్వాతి ప్రాధాన్యాల ప్రకారం పంచుతారు. నాలుగు సీట్లూ నిండేదాకా ఇదే వరస.

ఫలితం ఏమిటంటే... 20 శాతం మద్దతున్న పార్టీకి నాలుగింటిలో ఒక సీటు దక్కుతుంది. 40 శాతం ఉంటే రెండు. ‘నా ఓటు చెత్తబుట్టలోకి పోయింది’ అనుకునేవాళ్లు బాగా తగ్గిపోతారు. ఒకే పార్టీ తరఫున ఇద్దరు ముగ్గురు నిలబడితే, వాళ్లలో ఎవరు మేలో కూడా ఓటరే చెప్పొచ్చు.

మరి కష్టాలు లేవా? ఉన్నాయి. లెక్కింపు మెల్లగా సాగుతుంది. 2021లో తెలంగాణ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు గుర్తున్నాయా? హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది, వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానానికి 71 మంది పోటీపడ్డారు. దినపత్రికంత బ్యాలెట్లు, నాలుగు రోజుల లెక్కింపు! పైగా నియోజకవర్గం పెద్దదైతే ఎమ్మెల్యే దూరమవుతాడు. బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన జనం పలుచగా ఉండే కొండ ప్రాంతాలవారికి ఈ భయం బాగా ఉండేది. ఏ ఒక్క పార్టీకీ మెజారిటీ రాక సంకీర్ణాలే గతవుతాయన్నది ఇంకో అభ్యంతరం. ఇవేవీ తీసిపారేయాల్సిన మాటలు కావు.

నోటికాడి ముద్ద

2005 మే 17. శాసనసభ ఎన్నికలతోపాటే ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిగింది. పౌరసభ చెప్పిన పద్ధతికి మారదామా? అవునా, కాదా? అదే ప్రశ్న.

ప్రభుత్వం ముందే రెండు షరతులు పెట్టింది. పునాదుల్ని కదిపే మార్పు కాబట్టి సగం కన్నా ఒక ఓటు ఎక్కువొస్తే సరిపోదంది. రాష్ట్రం మొత్తమ్మీద 60 శాతం మంది అవుననాలి. అంతేకాదు, 79 నియోజకవర్గాల్లో కనీసం 48 చోట్ల సగానికి పైగా అవుననాలి.

రెండో షరతు అవలీలగా నెరవేరింది. 48 కాదు, ఏకంగా 77 నియోజకవర్గాల్లో జనం మార్పు కోరుకున్నారు. మొదటి షరతు దగ్గరే చిక్కొచ్చింది. అవునన్నవాళ్లు 57.69 శాతం. 60కి రెండున్నర శాతం కూడా తేడా లేదు. నోటికాడి ముద్ద జారిపోయింది!

ఇప్పుడు 2001 అంకెల్ని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. అప్పుడు లిబరల్స్‌కి వచ్చిన ఓట్లు 57.6 శాతం, గెలిచిన నియోజకవర్గాలు 77. ఇప్పుడు మార్పు కోరినవాళ్లు 57.7 శాతం, వాళ్లు ఎక్కువున్న నియోజకవర్గాలు అవే 77. ఆ అంకెలతో ఒక పార్టీ రాష్ట్రాన్ని దాదాపు ప్రతిపక్షమే లేకుండా నాలుగేళ్లు ఏలింది. సరిగ్గా అవే అంకెలతో జనం తమ ఓటు పద్ధతిని మార్చుకోలేకపోయారు! పైగా అదే రోజు జరిగిన ఎన్నికల్లో లిబరల్స్ మళ్లీ గెలిచారు. వాళ్లకొచ్చిన ఓట్లు 45.8 శాతం. ప్రభుత్వం ఏర్పాటు చేయడానికి 46 శాతం చాలు. ప్రభుత్వాన్ని ఎన్నుకునే దారి మార్చడానికి మాత్రం 58 శాతం చాలదు.

ఇక్కడ ఇంకో విశేషముంది. ఎస్‌టీవీ ఎలా పనిచేస్తుందో ఓటర్లలో చాలామందికి తెలియదు. మరి అంతమంది ఎందుకు అవునన్నారు? పరిశోధకులు ఆరా తీస్తే తేలిందేమిటంటే... ఆ పద్ధతిని సూచించింది నాయకులు కాదు, తమలాంటి మామూలు మనుషులు అని తెలిసినవాళ్లు ఎక్కువగా మార్పు వైపు మొగ్గారు. ‘నాకు లెక్క అర్థం కాకపోయినా, మా ఊరావిడ ఏడాదిపాటు కూర్చుని అర్థం చేసుకుంది కదా’ అన్న నమ్మకమది. సొంత లాభం లేని మనిషి మాటకున్న విలువ.

వేడి చల్లారితే...

అంత దగ్గరిదాకా వచ్చాక ప్రభుత్వం ఆ విషయాన్ని పూర్తిగా వదిలేయలేకపోయింది. 2009 మే 12న మళ్లీ అడిగింది. ఈసారి మరింత పద్ధతిగా ఏర్పాట్లు చేశారు. 85 మంది ఎమ్మెల్యేల్ని ఎన్నుకునేలా 20 పెద్ద నియోజకవర్గాల పటం గీశారు. అవునన్న వర్గానికి, కాదన్న వర్గానికి ప్రచారం కోసం చెరో అయిదు లక్షల డాలర్లు ప్రభుత్వమే ఇచ్చింది.

ఫలితం తలకిందులైంది. అవునన్నవాళ్లు 39 శాతమే. కాదన్నవాళ్లు 61 శాతం! నాలుగేళ్లలో ఇంత మార్పా?

కారణాలు వెతికితే దొరుకుతాయి. 2001లో 77-2 ఫలితం చూసిన కోపం చల్లారిపోయింది. 2005లో ఎన్‌డీపీకి 33 సీట్లొచ్చి సభలో గట్టి ప్రతిపక్షం ఏర్పడింది. ‘ఇప్పుడు బాగానే ఉంది కదా’ అనిపించింది. పటం చేతికొచ్చాక కొత్త నియోజకవర్గాలు ఎంత పెద్దవో కళ్లకు కట్టాయి. అన్నిటికీ మించి, పౌరసభ ముగిసి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆ 160 మంది ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. ప్రచారం మొత్తం ‘ఈ లెక్క మీకర్థమైందా?’ అన్నదాని చుట్టూ తిరిగింది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వుదామని అందరూ అంటారు. మంటలారాక పలుగు పట్టేవాళ్లుండరు.

మూడోసారి 2018లో. అంతకుముందు ఏడాది ఎన్నికల్లో లిబరల్స్‌కి 43, ఎన్‌డీపీకి 41, గ్రీన్ పార్టీకి 3 సీట్లొచ్చాయి. గ్రీన్ పార్టీ మద్దతుతో ఎన్‌డీపీ గద్దెనెక్కింది. ఓటింగ్ పద్ధతిపై మళ్లీ ప్రజాభిప్రాయం అడగాలన్నది ఆ ఒప్పందంలో భాగం. ఈసారి పోస్టులో బ్యాలెట్లు పంపారు. సగానికి మించి అవునంటే చాలన్నారు. కానీ పౌరసభ లేదు. ప్రతిపాదనలు ప్రభుత్వం నుంచే వచ్చాయి. అదీ ఒకటి కాదు, మూడు కొత్త పద్ధతులు! మొదటి ప్రశ్నలో మార్పు కావాలా వద్దా చెప్పాలి, రెండో ప్రశ్నలో మూడింటికీ ప్రాధాన్యాలివ్వాలి. ‘ఇది వాళ్ల రెండు పార్టీల లాభం కోసమే’ అంటూ ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. బ్యాలెట్ తిప్పి పంపినవాళ్లు 42.6 శాతం. వాళ్లలో 61.3 శాతం మంది పాత పద్ధతే మేలన్నారు.

60 శాతం గడప పెట్టిన 2005లో జనం 58 శాతం దాకా వచ్చారు. 50 శాతం చాలన్న 2018లో 39 దగ్గరే ఆగిపోయారు. అంటే గడప ఎత్తు ఒక్కటే కాదు, ఆ గడప దగ్గరికి చేయి పట్టుకుని తీసుకొచ్చింది ఎవరన్నది కూడా ముఖ్యమే.

2024 అక్టోబరులో అక్కడ శాసనసభ ఎన్నికలు పాత పద్ధతిలోనే జరిగాయి. 93 సీట్లలో ఎన్‌డీపీకి 47 వచ్చాయి. సరిగ్గా మెజారిటీ గీత మీద! ఆఖరి సీటు సర్రే-గిల్‌ఫర్డ్‌లో, న్యాయమూర్తి పర్యవేక్షణలో మళ్లీ లెక్కించాక తేలిన తేడా 22 ఓట్లు.

విత్తనం మాత్రం మొలిచింది

బ్రిటిష్ కొలంబియాలో పద్ధతి మారలేదు. కానీ పౌరసభ అనే ఆలోచన మాత్రం సముద్రాలు దాటింది. కెనడాలోనే ఒంటారియో రాష్ట్రం 103 మంది పౌరులతో ఇలాంటి సభ పెట్టింది. ఆ సభ మిశ్రమ పద్ధతిని సూచిస్తే, 2007లో ఓటర్లు తిప్పికొట్టారు. నెదర్లాండ్స్ 2006లో పెట్టింది. ఐర్లాండ్ ఇంకో అడుగు ముందుకేసి, ఏ పార్టీ ముట్టుకోవడానికి ఇష్టపడని గర్భస్రావం అంశాన్ని 99 మంది పౌరుల సభకు అప్పగించింది. వాళ్ల సిఫార్సుల మీద శాసనకర్తలు చర్చించారు. 2018లో ప్రజాభిప్రాయం కోరితే 66 శాతం మంది రాజ్యాంగ సవరణకు సరేనన్నారు. నాయకులకు చేతకానిదో, చేయాలని లేనిదో ఉంటే జనంలోంచి కొందరిని కూర్చోబెట్టి తేల్చడం అన్న మాట అలా మిగిలింది.

ఇక, మన దగ్గర?

ఈ చర్చ మనకు కొత్తేం కాదు. దామాషా పద్ధతి కావాలని రాజ్యాంగ సభలోనే సవరణ ప్రతిపాదించారు. 1949 జనవరిలో అంబేడ్కర్ దాన్ని వ్యతిరేకించారు. అక్షరాస్యత ఎక్కువగా ఉంటే తప్ప ఆ పద్ధతి సాగదనీ, స్థిరమైన ప్రభుత్వం దేశానికి ముఖ్యమనీ ఆయన వాదన. ఆనాటికి దేశంలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు తక్కువే. ఆ తర్వాత యాభై ఏళ్లకు, 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో ప్రస్తుత సీట్లకు అదనంగా కొన్నిటిని జాబితా పద్ధతిలో భర్తీ చేయొచ్చని సూచించింది. 2015లో 255వ నివేదికలోనూ మిశ్రమ పద్ధతి ప్రస్తావన తెచ్చింది. మన తెలుగునాట లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ దామాషా ఎన్నికల గురించి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. నివేదికలు అల్మారాలకెక్కాయి. ఎన్నికలు మాత్రం ఎప్పట్లాగే జరుగుతున్నాయి.

ఓట్లకూ సీట్లకూ పొంతన లేకపోవడం ఒక్క ఆంధ్రప్రదేశ్‌కే పరిమితం కాదు. తెలంగాణలో 2014లో టీఆర్‌ఎస్ 34 శాతం ఓట్లతో 119 సీట్లలో 63 గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 2023లో కాంగ్రెస్‌కీ బీఆర్‌ఎస్‌కీ మధ్య ఓట్ల తేడా రెండు శాతమే. సీట్లేమో 64, 39. ఇక సభలో 11 మంది ఉన్న పార్టీకి ప్రతిపక్ష హోదా ఇవ్వాలా వద్దా అన్న వివాదం 2024లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. 2001లో బ్రిటిష్ కొలంబియాలో ఇద్దరు ఎమ్మెల్యేల పార్టీకి ఎదురైనదీ ఈ ప్రశ్నే!

అయితే ఒకటి గమనించాలి. ఈ పద్ధతికి పార్టీల మీద పక్షపాతం లేదు. ఈసారి ఒకరిని ఎత్తి కూర్చోబెడుతుంది, వచ్చేసారి వాళ్లనే నేలకేసి కొడుతుంది. 2019లో 151 సీట్లిచ్చిందీ అదే, 2024లో 11 ఇచ్చిందీ అదే. అందుకే దెబ్బతిన్న పార్టీ కూడా ‘పద్ధతి మార్చండి’ అని అడగదు. ఐదేళ్లాగితే తన వంతూ వస్తుందని తెలుసు. ఆ మధ్యలో నలిగేది ఎవరంటే... సభలో తమ తరఫున మాట్లాడేవాళ్లు సరిపడా లేని నూటికి 39 మంది. వాళ్లు కూడా పన్నులు కడుతున్నారు. వాళ్ల ఊళ్లోనూ రోడ్డు గుంతలు పడుతుంది.

ఏ పద్ధతి మంచిదన్న దానికి ఒకే జవాబు లేదు. బదిలీ ఓటు మనకు నప్పవచ్చు, నప్పకపోవచ్చు. పాత పద్ధతే మేలని తేలినా తేలొచ్చు. కానీ ఆ తేల్చేదెవరు? గెలిచినవాళ్లకు అవసరం లేదు. ఓడినవాళ్లకు తొందర లేదు. మిగిలింది మనమే. బ్రిటిష్ కొలంబియాలో బస్సు నడిపేవాళ్లూ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లూ ఓ ఏడాదిపాటు శని, ఆదివారాలు వదులుకుంటే తేల్చగలిగినప్పుడు, ఎమ్మెల్సీ బ్యాలెట్ మీద అంకెలేసే మనవాళ్లు తేల్చలేరా?

రేపు మీ ఇంటికే ఓ ఉత్తరం వచ్చిందనుకోండి. ‘మీ పేరు చీటీలో వచ్చింది. మన శాసనసభకు ఎలా ఓటేయాలో తేల్చడానికి ఓ ఏడాది వారాంతాలు ఇస్తారా?’ అని అడిగితే ఏం చెబుతారు? ఈ ఆదివారం భోజనాల దగ్గర ఇంట్లోవాళ్లను అడిగి చూడండి. వేర్వేరు పార్టీలకు ఓటేసేవాళ్లు ఒకే ఇంట్లో ఉంటే మరీ మంచిది!